రిపోర్టులు బాగున్నాయి, మనిషి బాగాలేడు

అనకాపల్లి జిల్లా రాజయ్యపేట రేవులో తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం విశేషం కాదు. వేటకెళ్లే మనిషికి కోడికన్నా ముందే నిద్ర తేలిపోతుంది. ఆ వేళకే మెలకువ వచ్చి, వేటకి మాత్రం వెళ్లలేక, చీకట్లో గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి ఒకడుంటాడు. అతని గురించే ఈ నాలుగు మాటలు. పేరు పెట్టను, ఎందుకంటే ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ తీరం పొడుగునా ఏ రేవుకి వెళ్లినా ఇలాంటివాడు కనిపిస్తాడు. గుండె దడదడలాడుతుంది. అరచేతులకి చెమట పడుతుంది. కానాగంతల పులుసు ఎదురుగా ఉన్నా ముద్ద దిగదు. వల బాగుచేద్దామని ఇసకలో కూర్చుంటే, తెగిన కన్ను ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని అలాగే ఉండిపోతాడు. పక్కవాడు పది కన్నులు అల్లేసరికి ఇతనిది ఒక్కటీ అవదు.

మొదట మందుల షాపులో గ్యాస్ మాత్ర. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర బలానికి ఇంజెక్షను. ఆ తర్వాత నక్కపల్లి, అక్కణ్నుంచి అనకాపల్లి. ఈసీజీ, రక్తపరీక్ష, థైరాయిడ్, కడుపు స్కానింగ్. అప్పు చేసి తెచ్చిన డబ్బు అయిపోయాక చేతికి ఒక కాగితాల కట్ట వస్తుంది. అన్నీ నార్మల్. "నీకేం లేదు, ఆలోచనలు తగ్గించుకో" అని డాక్టరు పంపేస్తాడు. ఇంటికొస్తే ఇరుగుపొరుగు వాళ్లది కూడా అదే మాట, యాస మారుతుంది అంతే: "ఏటి మావా, గంగమ్మ బిడ్డవి, నీకు బయ్యమేటి? గుండె గట్టి సేసుకో."

ఈ రెండు మాటల్నీ ఖండించడానికే ఈ వ్యాసం. "నీకేం లేదు" అన్నది తప్పు. "గుండె గట్టి చేసుకో" అన్నది అంతకన్నా పెద్ద తప్పు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లని అనను. చాలామంది ప్రేమకొద్దీ అంటారు. కానీ ఆ ప్రేమ వల్లే ఆ మనిషి ఇంకోసారి నోరు విప్పడు.

ముందు "నీకేం లేదు" సంగతి చూద్దాం. ఆందోళన మనసులో ఉంటుందనీ, ఒళ్లు వేరనీ మనం చిన్నప్పటి నుంచీ నమ్ముతూ వచ్చాం. సముద్రం మీదకి వెళ్లే మనిషికి ఇది అబద్ధమని స్వానుభవమే చెబుతుంది. ఒడ్డు కనపడనంత దూరంలో ఉండగా ఉన్నట్టుండి గాలి తిరిగిందనుకోండి. ఆలోచన పూర్తయ్యేలోగానే గుండె వేగం పెరుగుతుంది. నోరెండుతుంది. కడుపులోకి వెళ్లాల్సిన నెత్తురు చేతులకీ కాళ్లకీ మళ్లుతుంది. ఆకలి మాయమవుతుంది. కళ్లు పెద్దవై చూపు పదునెక్కుతుంది. మెదడులో అమిగ్డాలా అనే బాదంగింజంత భాగం ప్రమాదాన్ని పసిగట్టి కబురంపింది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదిలాయి. కాసేపటికి కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా నెత్తురులోకి దిగింది. కలబడడమో, పారిపోవడమో తేల్చుకోవడానికి ఒళ్లు చేసుకునే ఈ ఏర్పాటుని అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ వందేళ్ల కిందటే వివరించాడు. ఈ ఏర్పాటే లేకపోతే ఆ పడవ ఒడ్డుకి చేరదు. ఆ దడ పిరికితనం కాదు, ప్రాణం కాపాడే పనితనం.

పడవ ఒడ్డుకి చేరాక ఇంజిన్ ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో అది తనంతట తనే ఆగుతుంది. ఆందోళన రుగ్మతలో ఆగదు. పడవ ఇసకలో ఉంది, ఇంజిన్ మాత్రం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంది. ఆయిలు ఖర్చవుతుంది, ఇంజిన్ కాలుతుంది, పడవ అంగుళం కదలదు. ఆ మనిషి పడుతున్నది సరిగ్గా ఇదే. అతని గుండె దడ అచ్చమైన గుండె దడ. కడుపులో తిప్పు అచ్చమైన తిప్పు. ఊహించుకున్నది ఏదీ లేదు. ఈసీజీ గుండెలో విద్యుత్తు ఎలా నడుస్తోందో చూపిస్తుంది, స్కానింగ్ కాలేయం ఎలా ఉందో చూపిస్తుంది. ఆగకుండా తిరుగుతున్న ఇంజిన్‌ని చూపించే పరీక్ష ఆ కట్టలో లేదు. పరీక్షలో కనపడనిది లేనట్టేనా?

డిప్రెషన్‌ది ఇంకో దారి. దాన్ని ఏడుపుతో గుర్తుపట్టవచ్చనుకుంటాం. చాలామంది ఏడవరు. ఒళ్లు బరువెక్కుతుంది. మాట నెమ్మదిస్తుంది. నడుంనొప్పి, తలపోటు, నీరసం ముందుకొస్తాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చేసి మళ్లీ నిద్ర పట్టకపోవడం దీని పాత గుర్తుల్లో ఒకటి. ఇష్టమైన వాటి మీద ఇష్టం చస్తుంది; మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా చెయ్యి లేవదు. మతిమరుపు వస్తుంది, చిన్న నిర్ణయం తీసుకోవడమే కొండెక్కినంత పనవుతుంది. ఇలా రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే డాక్టర్లు దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. బాధ వచ్చి పోవడం వేరు, బాధ వచ్చి కాపురం పెట్టడం వేరు.

ఇది ఒంటిని లోపల్నుంచి తింటుందనడానికి రుజువులు కుప్పలుగా ఉన్నాయి. 1993లో వెలువడిన మాంట్రియల్ అధ్యయనంలో గుండెపోటు వచ్చి బతికిన 222 మందిని పరిశీలించారు. అందులో డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆరు నెలల్లోపు చనిపోయే ప్రమాదం, అది లేనివాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో గుండెపోట్ల కారణాలని లెక్కగట్టింది. పొగ, కొలెస్టరాల్, బీపీ, షుగరుతో పాటు మానసిక ఒత్తిడి, దిగులు వంటివాటికి దాదాపు మూడో వంతు వాటా వచ్చింది. షుగరు ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువ, డిప్రెషన్ ఉన్నవాళ్లకి షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. రెండూ ఒకదాన్నొకటి పెంచి పోషించుకుంటాయి.

బెస్తవాళ్లకి ఇంకా దగ్గరగా చెప్పగల సంగతి ఒకటి జపాన్‌లో ఉంది. అక్కడి జాలరులు ఆక్టోపస్‌లని పట్టడానికి మట్టికుండలు సముద్రంలోకి దింపుతారు. మెడ సన్నం, కడుపు గుండ్రం. ఆ కుండని తకోత్సుబో అంటారు. 1990 ప్రాంతంలో అక్కడి గుండె డాక్టర్లకి ఒక వింత ఎదురైంది. అయినవాళ్లు పోయిన దుఃఖంలోనో, పెద్ద భయంలోనో ఉన్న మనుషులు, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లు, ఛాతీనొప్పితో వస్తున్నారు. అచ్చం గుండెపోటే. తీరా చూస్తే నాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. గుండె ఎడమ గది మాత్రం కిందివైపు ఉబ్బిపోయి, మెడ దగ్గర ఇరుకై, ఆ కుండ ఆకారంలోకి మారిపోయింది. అందుకే ఆ జబ్బుకి తకోత్సుబో అనే పేరు పెట్టారు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కొందరు పోతారు. దుఃఖంతో గుండె పగిలిందని మన అమ్మమ్మలంటే కవిత్వమనుకున్నాం. అందులో అక్షరాలా నిజం ఉంది. మనసు వేరు, ఒళ్లు వేరు అని ఇంకా అనే డాక్టరు ఆ కుండ బొమ్మని ఒక్కసారి చూడాలి.

ఇప్పుడు రెండో మాట: "గుండె గట్టి చేసుకో." జబ్బుతో పోరాడాల్సిన మెదడే జబ్బు పడి ఉన్నప్పుడు దేనితో గట్టి చేసుకుంటాడు? కాలు విరిగినవాడిని ఆ కాలుతోనే గెంతి ఆసుపత్రికి పొమ్మంటామా? సంకల్పం, ఉత్సాహం, రేపటి మీద ఆశ, ఈ మూడింటినే డిప్రెషన్ మొదట ఎత్తుకుపోతుంది. లేనిదాన్ని తెచ్చుకోమంటే తేలేక, ఆ తేలేకపోవడాన్ని కూడా తన తప్పుగా రాసుకుంటాడు. జబ్బు పైన సిగ్గు ఎక్కుతుంది.

ఆ సిగ్గు మగవాళ్ల విషయంలో ప్రాణాంతకం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. మగాడికి దిగులేమిటి అనేవాళ్లు ఈ అంకెల ముందు నిలబడి ఆ మాట మళ్లీ అనగలరా? మగాడు దిగులుని కోపంగానూ, మౌనంగానూ, తాగుడుగానూ బయటపెడతాడు. తాగుడుకి మనం పెట్టుకున్న పేరు కూడా మందే. రెండు పెగ్గులకి నిద్ర పడుతుంది, నిజమే. సగం రాత్రికి ఆ నిద్రని అదే చెడగొడుతుంది, తెల్లారేసరికి దడ రెట్టింపవుతుంది, సాయంత్రానికి మళ్లీ అదే మందు కావాలి. "తాగుబోతయ్యాడు" అని ఊరు తీర్పు చెబుతుంది. ఎందుకు మొదలైందో ఎవరూ అడగరు.

"ఇవన్నీ పట్నాల్లో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల జబ్బులు, ఒళ్లొంచి కష్టపడేవాడికి రావు" అనేది ఇంకో వాదం. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు. జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మహానగరాల వాటా ఎక్కువగా కనిపించిన మాట నిజం, దాన్ని దాచను. కానీ అదే సర్వేలో పల్లెల్లోనూ ఈ జబ్బులు కనిపించాయి, ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఒకే ప్రాంతంలో అట్టడుగు ఆదాయం ఉన్నవాళ్లకి డిప్రెషన్, ఆందోళన వచ్చే అవకాశం పైమెట్టు వాళ్లకన్నా ఒకటిన్నర నుంచి మూడు రెట్లని 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. ఇంతకీ ఆ జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది; వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన పల్లెల్లో ఈ జబ్బు లేదని చెప్పేవాళ్లు, అసలు వెతకని చోట దొరకలేదని చెబుతున్నారు.

ఇక ఈ తీరం బతుకు చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలకి పెరిగింది, మంచిదే. మిగిలిన పది నెలల్లో వాయుగుండాలు, డీజిలు ధర, వడ్డీలకి తెచ్చిన వల, ఒట్టి చేతులతో తిరిగొచ్చే రోజులు. రేపేమిటో తెలియకపోవడం ఒంటికి అన్నిటికన్నా పెద్ద భారం. దెబ్బ పడిందంటే ఒళ్లు తట్టుకుంటుంది. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఇంజిన్ ఆపడానికి వీలుండదు.

ఇక్కడ రాజయ్యపేట గురించి నిక్కచ్చిగా మాట్లాడాలి. ఈ ఊరి దగ్గర తలపెట్టిన, మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఈ ఊరి మత్స్యకారులు వద్దంటూ దీక్షకి కూర్చున్నారు. అక్టోబరులో జాతీయ రహదారి మీద బైఠాయించారు. పార్కు రావాలా వద్దా అన్నది ఈ వ్యాసం తేల్చేది కాదు. ఆ భయం గురించి వినిపించిన ఒక మాట మాత్రం నాకు సంబంధించింది: "అనవసర భయాలు, అపోహలు." 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ ఇదే విశాఖలో నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు తీసింది. 2024 ఆగస్టు 21న ఈ జిల్లాలోనే అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని పొట్టన పెట్టుకుంది. ఇవి చూసిన మనిషికి భయం వేయడం అజ్ఞానం కాదు, జ్ఞాపకం. ఆ భయాన్ని జబ్బు అనకూడదు. దీక్షలో కూర్చున్నవాళ్లకి కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందనే ఆలోచన ఎవరికైనా వస్తే దాన్నీ ఇంతే గట్టిగా ఖండిస్తాను. సమాధానం చెప్పాల్సిన ప్రశ్నకి మాత్ర ఇవ్వడం వైద్యం కాదు.

అయితే రెండో నిజం కూడా ఉంది. సహేతుకమైన భయమైనా నెలల తరబడి తీరకుండా ఉంటే ఒంటిని కాలుస్తుంది. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ చమురు ఒలకబోసింది. చేపల మీద బతికే ఊళ్లు దెబ్బతిన్నాయి. తర్వాత అక్కడ సర్వే చేస్తే, ఎక్కువ నష్టపోయినవాళ్లలో ఆందోళన రుగ్మత మిగతావాళ్లకన్నా మూడు రెట్లకు పైగా కనిపించింది, డిప్రెషన్ కూడా పెరిగింది. అక్కడ జరిగింది ప్రమాదం, ఇక్కడ ఉన్నది ప్రమాదం జరుగుతుందేమోనన్న భయం. రెండూ ఒకటని అనను. సముద్రమే జీవనాధారమైన ఊరికి ఆ సముద్రం మీద నమ్మకం సడలితే మనుషుల ఒళ్లు ఏమవుతుందో మాత్రం అలాస్కా చూపించింది. కాబట్టి రాజయ్యపేటకి రెండూ కావాలి: అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు, నిద్రపట్టని మనిషికి నిజమైన వైద్యం. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

"దాసుడి దగ్గరకి వెళ్లేవాళ్లకి ఇవేం అర్థమవుతాయి?" అనే చిన్నచూపు కూడా ఉంది. జబ్బుకి కారణమేమిటో అమ్మవారి తరఫున వెతికి చెప్పేవాడు దాసుడు. విశాఖ తీరంలోని జాలారి పల్లెల్లో పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త ఛార్లెస్ నకల్స్ ఒక సంగతి నమోదు చేశాడు. జబ్బు చేసినా, వల ఒట్టిదిగా వచ్చినా అమ్మవారికి కోపం వచ్చిందంటారు. ఆ కోపం వెనక కారణం వెతికితే అన్నదమ్ముల తగువో, చుట్టరికంలో చీలికో బయటికి తీస్తారు. అంటే ఆ మనిషి జీవితంలో ఏం తెగిందని దాసుడు అడుగుతున్నాడు. పది పరీక్షలు రాసిన చేత్తో ఆ ఒక్క ప్రశ్న అడగని ఆధునిక వైద్యం అతన్ని చూసి నవ్వే హక్కు పోగొట్టుకుంది. అలాగని పూజ చేసి ఊరుకోమనను. ఆ ప్రశ్నా ఉండాలి, దాని తర్వాత చికిత్సా ఉండాలి.

చికిత్స అనగానే లేచే అభ్యంతరం: "అవి పిచ్చిమందులు, ఒకసారి మొదలెడితే జీవితాంతం." ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇంత బలంగా పాతుకుంది. ఆల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు నిజంగానే అలవాటు పడతాయి. చీటీ లేకుండా వాటిని కొని మింగడం ప్రమాదం. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు వేరు. వాటికోసం మనిషి వెంపర్లాడడు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అందుకే వారానికే పనిచేయలేదని మానేస్తారు. బాగయ్యాక కూడా ఆరు నెలలో, ఆపైనో వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ మానాలి. ఠక్కున ఆపితే తలతిరుగుడు, చికాకు వస్తాయి. మెదడులో సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్, పోస్తే బాగవుతుందనే తేలిక లెక్క కూడా సరికాదు. ఆ సిద్ధాంతానికి బలమైన ఆధారం లేదని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష వాదించింది. మందు కొందరికి తప్పనిసరి, అందరికీ కాదు. తేలికపాటి స్థితిలో మాటతో చేసే చికిత్సే మొదటి మెట్టు.

ఈ జబ్బుని గుర్తించడానికీ, మాటతో ఊరటనివ్వడానికీ పెద్ద డాక్టర్లే అక్కర్లేదు; మొదటిది మన రాష్ట్రమే చూపించింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకి ట్యాబులిచ్చి, ఇంటింటికీ తిరిగి దిగులు, ఆందోళన గుర్తించడం నేర్పారు. అవసరమైనవాళ్లని పీహెచ్‌సీ డాక్టరుకి పంపి, మళ్లీ ఇంటికెళ్లి ఎలా ఉన్నారో కనుక్కునేలా చేశారు. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా శిక్షణ ఇచ్చిన నాయనమ్మలు ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని బాధ వింటారు. అక్కడి షోనా భాషలో ఈ జబ్బుకి కుఫుంగిసిస అంటారు. అర్థం: అతిగా ఆలోచించడం. "ఆలోచన ఎక్కువైపోయింది" అని మన ఆడవాళ్లు అనే మాటే అది. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లలో బాధ గణనీయంగా తగ్గిందని 2016లో ప్రచురించిన పరీక్షలో తేలింది. రాజయ్యపేటలో ఆశా కార్యకర్త ఉంది, రేవులో రచ్చబండలూ ఉన్నాయి. లేనిది శిక్షణ, దానికి తగిన జీతం.

ఇది ఎవరి దయా కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వం నడిపే సేవల ద్వారా చికిత్స పొందడాన్ని హక్కు చేసింది. ఆత్మహత్యకి ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి సాయం చేయమంది. చట్టం పుస్తకంలో ఉంది. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ ఊరికి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఒక రోజు వేట, ఒక రోజు కూలి మానుకుంటే తప్ప అక్కడికి చేరలేని మనిషికి ఆ హక్కు కాగితమే. నిమ్‌హాన్స్ సర్వే లెక్కలో డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదు. నక్కపల్లి ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒకరోజైనా మానసిక వైద్యుడు కూర్చోవాలని అడగడం పెద్ద కోరికా?

కష్టాన్ని ఓర్చుకోవడం ఈ తీరం మనుషుల గొప్పతనం, ఎవరూ కాదనరు. హుద్‌హుద్ తుపానుని ఓర్చుకున్నారు. ఓర్చుకునేవాడిని ఒంటరిగా వదిలెయ్యడం మాత్రం ఎవరి గొప్పతనమూ కాదు. పెద్ద చేప పడితే వల ఒక్కడే లాగడు. నలుగురూ వచ్చి చెయ్యి వేస్తారు, అడిగి మరీ వేస్తారు.

కాబట్టి రేపు మీ రేవులో, మీ వీధిలో, మీ ఇంట్లో ఎవరైనా వల కన్ను పట్టుకుని అలా ఉండిపోతే "గుండె గట్టి చేసుకో" అనకండి. పక్కన కూర్చోండి. "ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు?" అని అడగండి. చావు తలపులు వస్తున్నాయా అని అడగడానికి కూడా జంకకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న భారం కొంత దిగుతుంది. వస్తున్నాయంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, డబ్బు తీసుకోదు. రేవులో పడవల నంబర్లు రాసే రంగుతోనే ఈ నంబరు కూడా ఒక గోడ మీద రాయించండి.